పాలియేటివ్ డాక్టరుకు పదోన్నతి ఎందుకు?

బోధనాసుపత్రుల్లో క్రమశిక్షణ నానాటికీ దిగజారడానికి మూలకారణం, ముదిరిన జబ్బులతో ఉన్నవారి నొప్పినీ బాధనూ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగమేనని నా నిశ్చితాభిప్రాయం. సర్జన్లకు ఆపరేషన్ల లెక్క ఉంది. గుండె వైద్యులకు స్టెంట్ల లెక్క ఉంది. పాలియేటివ్ ప్రొఫెసర్‌ను నిన్న ఏం చేశారని అడగండి. "ఒక తల్లితో ముప్పావు గంట కూర్చున్నాను" అంటాడు. దీన్ని ఏ రిజిస్టరులో ఎక్కించాలి? పైగా అందులో సగంసేపు ఆయన నోరే విప్పలేదట.

ఈ విద్యలో ఎం.డి. మన దేశంలో 2012లో ముంబయి టాటా మెమోరియల్‌లో మొదలైంది. అంతకు ముందు జనం పోలేదా? పోయారు, ఎవరినీ విసిగించకుండా. నల్లమందు పండించి, ఘాజీపూర్, నీమచ్ కర్మాగారాల్లో శుద్ధి చేసి, విదేశాలకు ఎగుమతి చేస్తూ, మన రోగికి మాత్రం దాన్నుంచే తీసే నొప్పిమందు మార్ఫిన్ మాత్ర అందకుండా చూడడం సామాన్యమైన పాలనా దక్షత కాదు. 1985 మాదకద్రవ్యాల చట్టం నీడలో ఒక్కో రాష్ట్రం ఒక్కో లైసెన్సుల తోరణం కట్టింది. 2014 సవరణ వచ్చి ఆ శోభను పాడుచేసింది. ఇప్పుడీయన మార్ఫిన్ రాస్తాడు, అది మలబద్ధకం తెస్తుంది గనుక దానితోపాటే విరేచనం మందూ రాస్తాడు. మర్నాడు వచ్చి, "దొడ్డికి సాఫీగా అయిందా అమ్మా?" అని అడుగుతాడు. ప్రొఫెసర్ అడగవలసిన ప్రశ్నేనా ఇది?

సాటి విభాగాల సహకారానికి లోటు లేదు. చేయదగినవీ చేయదగనివీ అన్నీ చేశాక, శుక్రవారం సాయంత్రం కేస్ షీటులో "పాలియేటివ్ అభిప్రాయం కోరడమైనది" అని రాస్తారు. శనివారం ఆయన వచ్చేసరికి మంచం మీద కొత్త దుప్పటి ఉంటుంది. ఆలస్యం ఎవరిది? ఆయనదే కదా!

ఒకవేళ రోగి ఇంకా ఉంటే, వరండాలో కొడుకు చేతులు పట్టుకుంటాడు: "డాక్టరుగారూ, నాన్నగారికి జబ్బు పేరు చెప్పకండి, తట్టుకోలేరు." లోపల ఆ నాన్నగారు: "బాబూ, మావాడికి చెప్పకండి, బెంగపెట్టుకుంటాడు." ఇద్దరికీ తెలిసిన రహస్యాన్ని ఇద్దరి దగ్గరా దాచడానికి ఎం.డి. కావాలా?

ఇక పరిశోధన. 2010లో బోస్టన్ వైద్యులు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై అధ్యయనం ప్రచురించారు. మొదటినుంచీ పాలియేటివ్ వైద్యం కూడా అందినవారి మధ్యస్థ ఆయుర్దాయం 11.6 నెలలు, తక్కినవారిది 8.9. ఇంజెక్షన్ ఈ పని చేసి ఉంటే నక్షత్రాల హోటల్లో సదస్సు, భోజనం, సంచీ దక్కేవి. మాటలకు సంచీ ఎవరిస్తారు? మన ప్రొఫెసర్ పత్రం పంపితే సమీక్షకుడు తిప్పికొట్టాడు: రోగుల్లో ఎక్కువమంది రెండో ప్రశ్నావళి నింపలేదట. ఎందుకు నింపలేదో సంజాయిషీ ఇవ్వమన్నాడు.

ఇంత చేసినవాడు ఊరుకోక, వార్డుకు రెండు కుర్చీలు కావాలని ఇండెంట్ పెట్టాడు. రౌండ్స్‌లో వైద్యుడు కూర్చోవచ్చని ఏ నిబంధనలో ఉందో చూపమని కొనుగోళ్ల సంఘం అడిగింది. తర్జనభర్జనల తర్వాత, ఎంతైనా మానవత్వం ఉన్న సంఘం కాబట్టి, ఒక కుర్చీ మంజూరు చేసింది. రోజూ సాయంత్రం నాలుగు గంటలకు స్టోర్స్‌లో అప్పగించి, రసీదు తీసుకోవాలి.