ఐడీఈ మొగుడు

మా డెస్క్‌టాప్ వయసు 12 ఏళ్ళు. స్విచ్ వేసి, పాలు పొయ్యి మీద పెట్టి, కాఫీ కలుపుకొని వచ్చేసరికి విండోస్ 7 కళ్ళు తెరుస్తుంది. అలా కాపురం చేసుకుంటున్నవాణ్ణి, మొన్న ఆదివారం ఏమీ తోచక బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందే లేచే సెట్టింగుల గదిలోకి దూరాను.

ఆన్ చేయగానే డిలీట్ కీ టకటకా కొట్టాలి. లోపల మౌస్ పనిచేయదు, అంతా బాణం గుర్తుల మీదే. వెతగ్గా వెతగ్గా ఒకచోట ‘సాటా మోడ్’ (డిస్కుతో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి), దానికెదురుగా ‘ఐడీఈ’ అని ఉంది. ఎంటర్ కొడితే ‘ఏహెచ్‌సీఐ’ అని ఇంకోటి కనబడింది.

వీటి తేడా నాకు కాస్త తెలుసు, కొంప ముంచింది అదే. ఐడీఈ పాతకాలపు పద్ధతి. డిస్కుకు ఒక పని చెప్పి, అది ముగించాకే రెండోది చెబుతారు. కొత్తిమీర తెచ్చి చెప్పులు విప్పుతుంటే, ‘అయ్యో, పచ్చిమిర్చి!’ అని మా ఆవిడ నన్ను మళ్ళీ బజారుకు తరిమినట్టు. ఏహెచ్‌సీఐ అయితే 32 పనుల దాకా ఒకే చీటీ రాసిచ్చేయొచ్చు. ఏది దగ్గర్లో ఉంటే అది ముందు చూసుకుంటూ డిస్కు తిరుగుడు తగ్గించుకుంటుంది. పాపం, ఇన్నేళ్ళూ నాలాగే తిరిగిందే అని జాలేసి, మోడ్ మార్చి, సేవ్ చేయడానికి ఎఫ్10 నొక్కాను.

నాలుగు రంగుల చుక్కలు కలిసి విండోస్ జెండా అయ్యేలోపే తెర నీలమైపోయింది. చదువుదామంటే మాయమై మళ్ళీ మొదటికొచ్చింది. మూడోసారి ఫోన్‌లో వీడియో తీసి, ఆపి, వేళ్ళతో సాగదీసి చూశాను. ఎర్రర్ నంబరు: వరసగా సున్నాలు, చివర 7బి. దానికంటే స్పష్టంగా, తెర మీద నా వెనకాల నిలబడ్డ మా ఆవిడ నీడ.

“ఏవండీ, చిన్నదాని అన్నప్రాశన ఫొటోలు అందులోనేగా?”

“ఏం కాదులే” అని, టెన్షన్‌లో క్యాబినెట్ విప్పి టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపాను. కేబుళ్ళు పీకి మళ్ళీ గుచ్చాను. ఊహూఁ. చివరికి ఎదురింటి ఇంజనీరింగ్ కుర్రాణ్ణి పిలిచాను.

“బయాస్‌లో ఏమైనా మార్చారా అంకుల్?”

“అబ్బే, నేను దాని జోలికే పోను” అన్నాను, స్వీటు ముట్టలేదని డాక్టరుకు చెప్పే షుగర్ పేషెంటులా.

వాడు లోపలికెళ్ళి చూశాడు. నన్ను చూశాడు. మా ఆవిణ్ణి చూశాడు. మాట్లాడకుండా మళ్ళీ ఐడీఈ పెట్టాడు. ఫొటోలతో సహా విండోస్ లేచి కూర్చుంది.

“బ్యాటరీ వీకైతే ఒక్కోసారి సెట్టింగులు వాటంతటవే మారిపోతాయి ఆంటీ” అన్నాడు. బంగారం లాంటి పిల్లాడు. రెండోసారి కాఫీ ఇప్పించాను.

గుమ్మం దగ్గర మాత్రం గొంతు తగ్గించాడు. “ఐడీఈలో ఉండగా ఎక్కించిన విండోస్ కదంకుల్, ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను నిద్రపుచ్చి ఉంచుతుంది. ముందు విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఎంఎస్‌ఏహెచ్‌సీఐ అనే చోట ‘స్టార్ట్’ ఎదురుగా ఉన్న 3ని 0 చేసి, అప్పుడు బయాస్ మార్చాలి. ఈసారి మోజు పుడితే ముందు నన్ను పిలవండి.”

సాయంత్రం కొత్తిమీర తెచ్చి చెప్పులు విప్పుతున్నాను.

“అయ్యో, పచ్చిమిర్చి మరిచానండీ!”

“అన్నీ కలిపి ఒక్క చీటీ రాసివ్వకూడదటే?”

“మీ మోడ్ మార్చాలంటే భయంగా ఉందండీ. మళ్ళీ లేవకపోతే?”