పల్లె సాంస్కృతిక కేంద్రం కట్టబోయే ఆర్కిటెక్టులకు వినయపూర్వక సూచనలు

చైనా పల్లెలో సంప్రదాయ శైలిలో సాంస్కృతిక కేంద్రం కట్టాలని మీకు సంకల్పం కలిగినందుకు ముందుగా అభినందనలు. తరుణం కూడా మంచిదే. జనం కొండల్ని చూడాలి, నీళ్లని చూడాలి, సొంతూరి మీద బెంగను మరిచిపోకూడదు అని 2013 డిసెంబరులో బీజింగ్‌లో జరిగిన పట్టణీకరణ సమావేశంలో ఏలినవారు సెలవిచ్చారు. 2017 పార్టీ మహాసభతో పల్లెల పునరుజ్జీవనం జాతీయ విధానమైంది. వెరసి బెంగకు బడ్జెట్ వచ్చింది. వచ్చిన బడ్జెట్ మురిగిపోకుండా చూడటం మన ధర్మం.

మొదట ఊరిని ఎంచుకోవాలి. జనం నిండుగా ఉన్న ఊరి జోలికి పోకండి. స్థలం చూడటానికి వెళ్లిన రోజే ఎవరో పెద్దాయన వచ్చి, ఇది మేం వడ్లు ఎండబోసుకునే చోటు అంటాడు. అందుకని కుర్రకారు షెన్‌జెన్‌కో షాంఘైకో వెళ్లిపోయి, ముసలివాళ్లూ మనవలూ మాత్రం మిగిలిన ఊరు శ్రేష్ఠం. వెతుక్కోవడం కష్టమేమీ కాదు. 2020 జనాభా లెక్కల నాటికే పల్లెల్లో ఉంటున్నవాళ్లు నూటికి 36 మంది. ఎటూ తేలకపోతే సర్కారువారి సంప్రదాయ గ్రామాల జాబితా ఉండనే ఉంది. 2012లో 646 ఊళ్లతో మొదలై, 2023కి 8,155కి చేరింది. ఊళ్లు ఖాళీ అవుతున్నకొద్దీ జాబితా నిండుతోంది.

శైలి విషయంలో ఎక్కువ ఆలోచించకండి. ఆన్‌హుయ్ రాష్ట్రంలోని షీదీ, హోంగ్‌త్సున్ ఊళ్లు 2000లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి కాబట్టి తెల్ల గోడ, నల్ల పెంకు అంటే ఏ కమిటీ కాదనదు. ఇళ్ల మధ్య మెట్లు మెట్లుగా పైకప్పును దాటి లేచే గోడలుంటాయి, గుర్రపు తల గోడలంటారు. అసలు సంగతేమిటంటే, అక్కడ కలప ఇళ్లు ఒకదాన్నొకటి రాసుకుని ఉండేవి. ఒక ఇల్లు అంటుకుంటే నిప్పు పక్కింటికి పాకకుండా ఆ గోడలు లేపారు. మీ కేంద్రం పొలాల మధ్య ఒంటరిగా ఉంటుంది, గోడలు కాంక్రీటు, పక్కిల్లు అరకిలోమీటరు అవతల. అయినా గుర్రపు తలలు తప్పనిసరి. లేకపోతే సంప్రదాయం ఏ వైపు నుంచి కనపడాలి?

ఆ ఇళ్లకు బయటి గోడల్లో కిటికీలు తక్కువ, ఉన్నవీ చిన్నవి. సాగుభూమి చాలక మగవాళ్లు ఉప్పు, తేయాకు వ్యాపారాలకు ఏళ్ల తరబడి ఊరు విడిచి వెళ్లేవారు. ఇంట్లో ఆడవాళ్లు, డబ్బు, బయట దొంగలు. వెలుతురుకీ గాలికీ ఇంటి నడిమధ్య ఆకాశానికి తెరిచిన చావడి వదిలేవారు. కప్పులన్నీ లోపలికే వాలి ఉంటాయి కాబట్టి నాలుగు వైపుల వాన ఇంట్లోనే పడుతుంది. నీరంటే సంపద, పరాయివాడి వీధిలోకి పోనిస్తామా అన్నది ఆ వర్తకుల లెక్క. మీరు కూడా గోడలు మూసేయండి, మధ్యలో ఆకాశం తెరవండి. ఆపైన వాన లోపలికి రాకుండా అద్దం బిగించండి. అద్దం కింద ఉక్కపోస్తుంది కనుక ఏసీ పెట్టండి. దొంగల సంగతంటారా, ఊళ్లో దోచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

కొంతమందికి తెలుపూ నలుపూ ఆనవు, ఫూజియాన్ రాష్ట్రంలోని తులౌ అనే మట్టికోటల్లాంటి ఇళ్ల మీద మనసు పోతుంది. పోనివ్వండి. 2008లో యునెస్కో గుర్తించినవే 46. మట్టి దిమ్మిస చేసి కట్టిన మహా గోడలు, వాటిలో గుండ్రటివి కొన్ని, చాలావాటికి ఒకటే పెద్ద వాకిలి, కింది అంతస్తుల్లో బయటికి కిటికీ ఉండదు. ఒకే ఇంటిపేరువాళ్లంతా బందిపోట్లకు అందకుండా లోపల కాపురముండేవాళ్లు. బయటివాణ్ణి బయటే నిలబెట్టడానికి పుట్టిన ఈ నమూనా, అందరూ రండి అని పిలవాల్సిన భవనానికి ఎంత చక్కగా నప్పుతుందో వేరే చెప్పక్కర్లేదు.

గోడలకు పాత పెంకులు, పాత ఇటుకలు వాడితే బహుమతికి దగ్గరవుతారు. నింగ్‌బో నగరంలోని చరిత్ర మ్యూజియానికి వాంగ్ షూ అనే ఆర్కిటెక్టు అలాగే చేశాడు, 2012లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ అందుకున్నాడు. ఆయన వాడినవి ఆ చుట్టుపక్కల కూల్చేసిన పల్లెల శిథిలాలు. ఉన్న దుఃఖాన్ని గోడలో పెట్టి కట్టాడు, దాన్ని వెటకారం చేయడానికి నాకే నోరు రాదు. మన ఇబ్బంది వేరు. మన డిజైన్‌కి పెంకులు చాలాలి, పెంకులు చాలాలంటే ఎక్కడో ఒక ఊరు కూలాలి. వారసత్వ రక్షణలో ఇంత ముడిసరుకు ఖర్చవుతుందని బయట అనకండి.

హోంగ్‌త్సున్ నడుమ అర్ధచంద్రాకారపు చెరువుంది, దానికి నీళ్లు తెచ్చే కాలువ ఇళ్ల వాకిళ్ల పక్కనుంచే పారుతుంది. ఇప్పటికీ అక్కడ ఆడవాళ్లు బట్టలు ఉతుక్కుంటారు. మీరూ ఒక చెరువు పెట్టండి, నాలుగు వేళ్ల లోతు, అడుగున నల్ల రాయి, డ్రోన్ ఫొటోలో భవనం తలకిందులుగా కనపడాలి. పక్కనే ‘ఇచ్చట బట్టలు ఉతకరాదు’ అని బోర్డు.

లోపల గ్రంథాలయం ఉండి తీరాలి. 2012 నాటికే చైనా పల్లెల్లో 6 లక్షలకు పైగా రైతు పుస్తకశాలలు పెట్టారు, చాలాచోట్ల తాళమే తీయరన్న విమర్శలూ విన్నారు. అది మనకు అడ్డం కాదు. పుస్తకాల అర ఫొటోకి మహా బాగుంటుంది. ఆ పక్కన కాఫీ కొట్టు, నగరం నుంచి వచ్చేవాళ్లకి.

ఊరివాళ్లను సంప్రదించారా అని ఎవరైనా అడుగుతారు. ఒక సాయంత్రం సంప్రదించండి, ఫొటో తీయించుకోండి, చెప్పింది మాత్రం రాసుకోకండి. వాళ్లు అడిగేవి మరీ చవకబారువి. మాజోంగ్ ఆడుకోవడానికి నాలుగు బల్లలు. రాత్రిపూట స్పీకరు పెట్టుకుని బామ్మలు వరసగా నిలబడి డాన్సు చేయడానికి చదును నేల. పెళ్లికీ చావుకీ యాభై బల్లల భోజనం వడ్డించే చోటు, దాని వెనక పెద్ద పొయ్యి. ఒకప్పుడు వంశాల పూర్వీకుల మందిరాలు ఈ పనులకే ఉపయోగపడేవి. మసి, నూనె, గోల. మన తెల్ల గోడలేం కావాలి?

జేజియాంగ్ రాష్ట్రంలోని సోంగ్‌యాంగ్ వైపు మాత్రం విహారానికి కూడా వెళ్లకండి. షింగ్ అనే ఊళ్లో షూ తియెన్‌తియెన్ అనే ఆర్కిటెక్టు ఆవిడ 2016లో ఒక బెల్లం షెడ్డు కట్టింది. చెరకు కాలంలో ఊరివాళ్లు అందులో బెల్లం వండుతారు, మిగతా కాలంలో అక్కడే కూర్చుని కబుర్లు, ఆటపాటలు. పెద్ద బాణళ్ల మీద ఆవిరి లేస్తుంటే చూడటానికి బయటివాళ్లు వస్తారు, బెల్లం కొనుక్కుపోతారు. గుర్రపు తల ఒక్కటి లేదు. సంస్కృతి అని ఎక్కడా రాయకుండానే ఊరు దాన్ని వాడేసుకుంటోంది. ఇలాంటివి నాలుగు లేస్తే మన వృత్తి ఏమవుతుందో ఆలోచించండి.

చివరగా వసంతోత్సవం, అంటే చైనావాళ్ల కొత్త సంవత్సరం. ఏడాదిలో ఊరు నిండేది ఆ కొన్నాళ్లే. కొడుకులూ కోడళ్లూ రైళ్లు కిక్కిరిసి వస్తారు, టపాకాయలు, విందులు, పిల్లల అరుపులు. ఆ రోజుల్లో కేంద్రానికి తాళం వేయండి, సిబ్బంది కూడా వాళ్ల ఊళ్లకు వెళ్లాలి కదా. తలుపు మీద సెలవు నోటీసు మాత్రం ఎర్ర కాగితం మీద కుంచెతో రాయించి అంటించండి. సంప్రదాయం దగ్గర రాజీ పడకూడదు.