చిలకకు తొర్ర లేదు

చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పిన కథల్లో మాంత్రికుడి ప్రాణం మాంత్రికుడి దగ్గర ఉండేది కాదు. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, ఓ చిలకలో ఉండేది. అంత తెలివైనవాడు ప్రాణాన్ని ఒంట్లో పెట్టుకోకుండా అంత దూరాన ఎందుకు దాచాడో అప్పట్లో నాకు బోధపడలేదు. డెబ్బై ఒకటో ఏట, డాలస్‌లో మా అబ్బాయి ఇంట్లో, రాత్రి పదింటికి, కాకినాడలో ఎదురింటి మాస్టారు ఫోనుకి దొరకక నాకు చెమటలు పట్టినప్పుడు బోధపడింది. వాడు దాచలేదు. వాడికి ఎవరో ఫోను కొనిపెట్టి ఉంటారు.

మనవడు పుట్టిన దగ్గర్నుంచీ మాది ఏడాదిలో సగం కాకినాడ, సగం డాలస్. విమానం దిగగానే ఆరు నెలలకు ముద్ర వేస్తారు, మేము దానికి రెండ్రోజుల ముందే పెట్టె సర్దుకుంటాం. నలభై ఏళ్లు తపాలా శాఖలో చేసినవాణ్ణి, ముద్ర మీది తేదీ అంటే నాకు భక్తి. రెండిళ్ల కాపురం కాబట్టి అన్నీ రెండేసి అమరాయి. రెండు కళ్లజోళ్లు, రెండు జతల చెప్పులు, మా ఆవిడకు రెండు పోపులపెట్టెలు. ఫోను మాత్రం ఒక్కటే ఉండాలని మా అబ్బాయి పట్టుబట్టాడు.

ఆ ఒక్క ఫోను కోసం జరిగినంత తర్జనభర్జన మా అమ్మాయి పెళ్లికి కూడా జరగలేదు. డాలస్ నుంచి అబ్బాయి, హైదరాబాదు నుంచి అల్లుడు, మధ్యలో నేను. ఇండియాలో కొంటే వారంటీ ఇక్కడే చెల్లుతుంది కదా అంటాడు అల్లుడు. "బ్యాండ్లు కలవాలి బావా" అంటాడు అబ్బాయి. "బ్యాండు తర్వాత మాట్లాడుకోవచ్చురా, ముందు సంబంధం కుదరనీ" అన్నాను. ఇద్దరూ నవ్వలేదు. ఒక్కో దేశంలో సిగ్నలు ఒక్కో బ్యాండు మీద నడుస్తుందట. పోనీ బ్యాండ్లు కలిశాయా, అంతటితో అయిపోదు. అమెరికాలో 2022లో త్రీజీ మూసేశారు, మాటలన్నీ ఫోర్‌జీ, ఫైవ్‌జీల మీదే పోవాలి. మన ఫోను మోడలు వాళ్ల జాబితాలో లేకపోతే నెట్టు వస్తుంది గానీ కాలు పోదు. జాతకాలు కలిసి లాంఛనాల దగ్గర ఆగిపోయిన సంబంధమన్నమాట.

అనుభవం లేక చెప్పడం లేదు. అంతకుముందు ప్రయాణానికి కాకినాడలో మెయిన్ రోడ్డు మీద పన్నెండు వేలు పోసి ఒక ఫోను కొన్నాను. డాలస్ వెళ్లి అమెరికా సిమ్ము వేస్తే సరిగ్గా ఇదే జరిగింది. వాతావరణం చూపిస్తుంది, దారి చూపిస్తుంది, పక్కవీధిలో ఉన్న మావాడికి చేస్తే మాత్రం నోరు మెదపదు. ఇక లాభం లేదని దాన్ని మా ఆవిడకు ఇచ్చేశాను. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, దీనితో మళ్లీ పనుంది.

అందుకని పోయిన జూన్‌లో మా అబ్బాయి వచ్చినప్పుడు అమెరికా ఫోనే పట్టుకొచ్చాడు. నల్లగా, బరువుగా, శివాలయంలో నందిలా నిగనిగలాడుతోంది. వాడు తిరిగి వెళ్లాక ఒక మధ్యాహ్నం భోంచేసి, నా పాత ఫోను లోంచి సిమ్ము ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాను. పుచ్చగింజంత ఉంది. నా బ్యాంకు, పింఛను, ఆధారు, గ్యాసు, అన్నీ ఆ గింజలోనే. మా ఆవిడ గాజులకున్న పిన్నీసు అడిగి తీసుకుని కొత్త ఫోను అంచులన్నీ వెతికాను. కింద వరసగా చిన్నచిన్న బెజ్జాలు కనిపించాయి. మొదటి దాంట్లో గుచ్చాను, రాలేదు. రెండో దాంట్లో ఇంకాస్త గట్టిగా గుచ్చాను.

"అది మైకు అంకుల్" అన్నాడు మెయిన్ రోడ్డు షాపు కుర్రాడు, సంగతి విని. ఫోనును చేతిలోకి తీసుకుని, సంతలో గేదె పళ్లు చూసే బేరగాడిలా నాలుగు వైపులా తిప్పి చూశాడు. "దీనికి సిమ్ము స్లాటు లేదంకుల్. అమెరికా మోడలు. 2022 నుంచి ఈ కంపెనీ వాళ్లు అమెరికాలో అమ్మేవాటికి ట్రే తీసేశారు. అంతా ఈ-సిమ్మే, అంటే పెట్టే చిప్పు ఉండదు, నెంబరు ఫోనులోకే ఎక్కుతుంది."

అంటే చిలక ఉంది, తొర్ర లేదు.

"పర్లేదంకుల్, మీ నెంబరే ఈ-సిమ్ముగా మార్పించుకోండి" అంటూ ఏవో నొక్కాడు. నొక్కుతూ నొక్కుతూ ఆగాడు. "అంకుల్, ఇది లాకులో ఉంది. ఏ నెట్‌వర్క్ దగ్గర కొన్నారో దానికి తప్ప పలకదు. వాయిదాలేమైనా ఉన్నాయా?"

అబ్బాయికి ఫోను చేశాను. అక్కడ అర్ధరాత్రి. "ముప్పై ఆరు వాయిదాలు నాన్నా. నాలుగు కట్టాను" అన్నాడు నిద్రలో.

ఇంకా ముప్పై రెండు నెలలు. అత్తారింట్లో తప్ప నోరు విప్పని అల్లుడు దొరికాడు మనకి. కాకినాడలో ఉన్నంతకాలం దాంట్లో వైఫై మీద పంచాంగం చూసుకుంటూ, అసలు సిమ్మును బొత్తాల ఫోనులో వేసుకుని గడిపాను. జులైలో ప్రయాణం. బొత్తాల ఫోను టూజీది, దాన్ని అమెరికా తీసుకెళ్తే కొబ్బరికాయలు కొట్టుకోవడానికి పనికొస్తుంది. అందుకని ఎదురింటి మాస్టారి ఇంట్లో సొరుగులో పెట్టి, చార్జరు కూడా ఇచ్చి, వారానికోసారి దాన్నుంచి ఎవరికైనా ఓ కాలు చేయమని చెప్పాను. తొంభై రోజులు ఎవరూ ముట్టుకోకుండా, బ్యాలెన్సు కూడా లేకుండా పడుంటే నెంబరు పోయే ప్రమాదం ఉంది. చిలకకు మేత వేయడం లాంటిదే.

మాస్టారు లెక్కల మాస్టారు. నేను పోస్టుమాస్టరు. మా వీధిలో "మాస్టారూ" అని కేకేస్తే రెండు తలుపులు తెరుచుకుంటాయి. ఆయన లెక్క తప్పరు. ఎంత ప్రాణం మీదికొచ్చినా తప్పరు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

నవంబరు వచ్చింది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా ఈ నెలలోనే తాము బతికున్నట్టు కాగితం ఇవ్వాలి. ఎనభై దాటినవాళ్లకు అక్టోబరు నుంచే వీలుంది, నాకింకా ఆ యోగం పట్టలేదు. కాకినాడలో ఉంటే ఇది అయిదు నిమిషాల పని. పోస్టుమ్యానే ఇంటికొస్తాడు, డెబ్బై రూపాయలు పుచ్చుకుంటాడు, యంత్రం మీద వేలు పెట్టమంటాడు. నోట్లు లెక్కపెట్టీ లెక్కపెట్టీ నా వేలిముద్రలు అరిగిపోయాయి కాబట్టి మొహం ఫొటో తీసుకుని వెళ్తాడు. డాలస్ నుంచి ఫోనులో చేద్దామంటే యాప్ ముందు ఓటీపీ అడిగింది. ఓటీపీ సొరుగుకి వెళ్లింది.

మాస్టారితో ఒప్పందం ఏమిటంటే, ఆయనకు ఉదయం ఎనిమిదిన్నర, మాకు రాత్రి పది. ఆ టైముకు ఆయన ఫోను పట్టుకుని కూర్చోవాలి. నవంబరు మొదటి ఆదివారం అమెరికా వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. నేను పదింటికి చేసేసరికి అక్కడ తొమ్మిదిన్నర. మాస్టారి భార్య ఎత్తారు. "ఎనిమిదిన్నర నుంచీ ఆ డొక్కు ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారండీ. ఇప్పుడే వంకాయలకని రైతుబజారుకి వెళ్లారు."

రెండో రాత్రి టైము సరిచూసుకుని చేశాను.

"వచ్చిందండోయ్!" అన్నారు మాస్టారు.

"చదవండి మాస్టారూ, త్వరగా. కాసేపు ఆగితే అది చెల్లదు."

కళ్లజోడు వెతికారు. మొదటి అక్షరం నుంచీ చదివారు. సగంలో ఆగారు. "దీన్ని ఎవరికీ చెప్పవద్దని రాసుందండీ."

"అది అందరికీ పంపేదేనండీ."

"అందరికీ అంటే నాకూ అనేగా? పైగా మీ గొంతు తేడాగా ఉంది. ఈమధ్య గొంతులు కూడా తయారు చేస్తున్నారట. మొన్న మా తోడల్లుడికి పోలీసులమని చెప్పి, గదిలో కూర్చోబెట్టి, ఉన్నదంతా ఊడ్చేశారు. మీరు మీరేనని నాకేమిటి నమ్మకం?"

ఇటు ప్రభుత్వం నేను బతికున్నానా అని అడుగుతోంది, అటు మాస్టారు నేను నేనేనా అని అడుగుతున్నారు. రెండోదే న్యాయమైన ప్రశ్న అనిపించింది.

"అడగండి, ఏదైనా అడగండి" అన్నాను.

"మన వీధి బోరు మోటారు బాగు చేయించినప్పుడు మీ వాటా ఎంత?"

"ఆరొందలు."

"ఇచ్చారా?"

డాలస్‌లో కాసేపు నిశ్శబ్దం. "ఇవ్వలేదు."

"అయితే మీరేనండీ! రాసుకోండి" అన్నారు సంతోషంగా. రాసుకున్నాను. అప్పటికి దాని గడువు తీరిపోయింది.

మూడో రాత్రి మాస్టారికి అనుమానాలేమీ లేవు. "యాభై వేల మూడొందల పద్దెనిమిది" అని గంట కొట్టినట్టు చెప్పారు. అయిదంకెలు. గడులు ఆరు ఉన్నాయి. మళ్లీ చూడమన్నాను. "యాభై వేల మూడొందల పద్దెనిమిదేనండీ, నాకు లెక్కలు చెబుతారా?" అన్నారు. మెసేజీలో ఉన్న గుర్తులన్నీ ఒక్కొక్కటిగా చెప్పమని బతిమాలాను. "ముందు ఓ సున్నా ఉందిలెండి. ఎడమవైపు సున్నాకి విలువ లేదు, అందుకని చదవలేదు." ముప్పై నాలుగేళ్లు పిల్లలకు చెప్పిన పాఠం, ఒక్క రాత్రి నాకోసం ఎలా మారుస్తారు? ఈలోగా తప్పు అంకెలు ఎక్కువసార్లు కొట్టానని చెప్పి యాప్ తలుపు మూసేసింది.

చివరికి మా కోడలు కనిపెట్టింది, హ్యూస్టన్‌లో మన కాన్సులేటు వాళ్లు కూడా ఈ కాగితం మీద సంతకం పెడతారని. నాలుగు గంటలు కారు నడిపి తీసుకెళ్లింది. అక్కడి ఆఫీసరు నా పాస్‌పోర్టు చూశాడు, మొహం చూశాడు, సంతకం పెట్టి ముద్ర కొట్టాడు. ఓటీపీ అడగలేదు. ఆ ముద్ర చప్పుడు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అచ్చం రాజోలు సబ్ పోస్టాఫీసులో పొద్దున్నే టపా కట్టేటప్పటి చప్పుడు.

కాగితాన్ని బ్యాంకుకు పంపే పని ఎవరికీ అప్పగించలేదు. నేనే కవరు అంటించి, అమెరికా పోస్టాఫీసుకి వెళ్లి, వరసలో నిలబడ్డాను. విదేశాలకు వెళ్లే ఉత్తరాలకు వాళ్ల స్టాంపు గుండ్రంగా, అప్పచ్చిలా ఉంటుంది. ఆ రోజుల్లో మేము ఎంత తిట్లు తిన్నా, "స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్న తంతిని, అదే టెలిగ్రామును, రాత్రికి రాత్రి సైకిలు మీద అందించేవాళ్లం. అందుకున్నవాడు అంకె చెబితేనే ఏడుస్తానని ఎప్పుడూ అనలేదు. 2013 జులైలో తంతి ఆగిపోయినరోజు నేను భోజనం సరిగా చేయలేదు. కౌంటరు అమ్మాయికి ఇదంతా చెప్పాలనిపించింది. వెనకాల వరస పెద్దదిగా ఉంది.

డిసెంబరులో ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి ఫోను మోగింది. ఇంట్లో అందరం లేచాం. మాస్టారు. "పోస్టుమాస్టరు గారూ, బ్యాంకు నుంచి మీకు మెసేజీ వచ్చిందండీ. మీరు బతికే ఉన్నారట. ఇది ఎవరికీ చెప్పొద్దని రాయలేదు కాబట్టి చెబుతున్నాను."

కృతజ్ఞతలు చెప్పి పడుకోబోతుంటే పక్కనుంచి 'టింగ్' మంది. మా ఆవిడ దిండు కింది ఫోను. గ్యాసు వాళ్ల మెసేజీ, కాకినాడ నెంబరుకి వచ్చింది.

"నీకు ఇక్కడెలా వస్తున్నాయి?" అన్నాను.

"రాకేం? నా సిమ్ము నా ఫోనులోనే ఉందిగా. అబ్బాయి రోమింగు పెట్టించాడు. వచ్చే మెసేజీలకు డబ్బు కూడా పడదట."

"మరి అమెరికా సిమ్ము?"

"నాకెందుకండీ అది? ఇక్కడ నాకు ఫోను చేసేదెవరు? ఇంట్లో వైఫై ఉంది." మంచం పక్క దీపం వేసి, పిన్నీసుతో పక్కనున్న అర లాగి చూపించింది. నేను పనికిరాదని ఇచ్చేసిన పన్నెండు వేల ఫోను. రెండు గూళ్లు. ఒకదాంట్లో ఆవిడ సిమ్ము. రెండోది ఖాళీ.

"ఇదెప్పట్నుంచి ఖాళీగా ఉంది?"

"మొదట్నుంచీ. మీరెప్పుడడిగారు?"

జనవరిలో కాకినాడ రాగానే సొరుగులోంచి సిమ్ము తీసి ఆ రెండో గూట్లో పెట్టాం. ఇప్పుడు నా ప్రాణం మా ఆవిడ చేతిసంచిలో, విభూతి పొట్లానికీ తలనొప్పి బిళ్లలకీ మధ్య, క్షేమంగా ఉంది. నిన్న మాస్టారికి మోటారు డబ్బు పంపుదామని కూర్చున్నాను. ఓటీపీ వంటింట్లో 'టింగ్' మంది.

"చదువు" అన్నాను.

ఆవిడ చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, మొదట్నుంచీ చదివింది.

"ఎవరికీ చెప్పొద్దని రాసుంది" అంది. "ఎంత? ఎవరికి?"