పిల్లల కటి ఎముక విరిగితే చూడాల్సింది ఎముకను మాత్రమే కాదు

రోడ్డు ప్రమాదంలో గాయపడిన పిల్లవాడి ఎక్స్‌రే చూసి ‘కటి ఎముకకు చిన్న క్రాక్, ఆపరేషన్ అక్కర్లేదు’ అనగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పిల్లల్లో ఇలాంటి విరుగుళ్లలో చాలావాటికి విశ్రాంతే చాలు. అయితే ఆ పగులు ముందుగా చెప్పేది ఒంటి మీద పడిన దెబ్బ ఎంత బలమైనదో.

నడుము కింద ఉంగరంలా అమరిన ఎముకలే కటి వలయం. పిల్లల్లో అందులో మృదులాస్థి (మెత్తని ఎముక) పాలు ఎక్కువ, ఎముకను కప్పిన పొర మందం, కీళ్లకు సాగే గుణం ఉంటుంది. పచ్చి వెదురుబద్దలా వంగి చాలా దెబ్బలను తట్టుకుంటుంది. అలాంటిదే విరిగిందంటే తల, ఛాతీ, కాలేయం, ప్లీహం కూడా దెబ్బతిని ఉంటాయని అనుమానించాల్సిందే. పెద్దల్లో ఈ గాయానికి మొదటి భయం రక్తస్రావం. పిల్లల్లో ప్రాణం పోయిన సందర్భాల్లో ఎక్కువగా కారణమయ్యేది తల గాయం.

విశాఖలో ఇలాంటి దెబ్బ తగలడానికి తావులకు కొదవ లేదు. గాజువాక నుంచి మధురవాడ దాకా 16వ నంబరు జాతీయ రహదారి ఇళ్ల మధ్య నుంచే సాగుతుంది. బడి పిల్లలు దాన్ని నడిచి దాటుతారు, లేదా డ్రైవరు పక్కన కూడా కూర్చుని ఆటోలో వెళతారు. 2023 నవంబరులో సంగం శరత్ కూడలిలో లారీని ఢీకొన్న ఆటో నుంచి పిల్లలు రోడ్డు మీదికి ఎగిరిపడిన సీసీ కెమెరా దృశ్యాన్ని నగరం చూసింది. తలుపులేని బండిలో బిడ్డను కాపాడేదేమీ లేదు.

ఆస్పత్రిలో తొలి గంట గురించి కాస్త వివరంగా చెప్పాలి. పిల్లల ఒంట్లోని రక్తంలో సుమారు పావు వంతు పోయినా బీపీ పడిపోకపోవచ్చు. అంతకు ముందే నాడి వేగం పెరుగుతుంది, చేతులు, కాళ్లు చల్లబడతాయి. బీపీ బాగుందన్న ఒక్క కారణంతో బిడ్డను వరుసలో కూర్చోబెట్టడం నా దృష్టిలో ప్రమాదకరమైన అలవాటు. వలయం విచ్చుకుందన్న అనుమానం ఉంటే బైండరు (బిగించే వెడల్పాటి పట్టీ) గానీ మడిచిన దుప్పటి గానీ బిగించాల్సింది నడుముకు కాదు, తొడ ఎముక పైభాగం పక్కకు పొడుచుకొచ్చినట్టు చేతికి తగిలే చోట. మూత్రద్వారం దగ్గర రక్తం కనిపిస్తే, మూత్రనాళం తెగలేదని తేల్చుకోకుండా మూత్రం తీసే గొట్టం వేయకూడదు.

ఇక ఎముక విషయం. టొరోడ్, జీగ్ అనే వైద్యులు 1985లో చేసిన వర్గీకరణ ఈ విరుగుళ్లను నాలుగు రకాలుగా విడదీస్తుంది. వలయం కుదురు తప్పిన నాలుగో రకం అన్నిటికంటే తీవ్రమైనది. చిన్నపిల్లల ఎముకలు పెరిగేకొద్దీ వాటంతటవే సర్దుకుంటాయన్న నమ్మకం ముంజేతి విషయంలో చాలావరకు నిజమే గానీ, కటి వంకర అంత తేలిగ్గా సరికాదు. తొడ ఎముక తల ఇమిడే తుంటి గిన్నె నడుమ మూడు ఎముకలు కలిసే మృదులాస్థి నలిగితే, ఆ నష్టం తొలి ఎక్స్‌రేలో కనిపించకపోయినా, గిన్నె లోతు పెరగక ఏళ్ల తర్వాత కుంటుగా బయటపడవచ్చు. అందుకే ఎదుగుదల ఆగేదాకా బిడ్డను చూస్తూ ఉండాలి.

మన్యం నుంచి వచ్చిన కుటుంబానికి అలా చూపించుకోవడమంటే ప్రతిసారీ ఘాటు దిగి, కూలి పోగొట్టుకుని విశాఖలోని కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆస్పత్రి)కు రావడం. 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైన పాడేరులోనే ఎక్స్‌రే తీసి, దాన్ని విశాఖలోని ఎముకల నిపుణులకు పంపవచ్చు. వాళ్లు రమ్మన్న పిల్లలు మాత్రం బస్సెక్కితే సరిపోతుంది.