దారంతో కొలిచిన డల్లాస్

మా చిన్నాయన రిటైర్డ్ లెక్కల సారు. చిన్నమ్మ డల్లాస్‌లో కొడుకు దగ్గర నుంచి దుబాయ్ మీదుగా తిరిగొస్తోంది, శంషాబాద్‌లో ఎన్నింటికి దిగుతుందో టికెట్ మీదే ఉంది. కానీ "జవాబు చూసి లెక్క చేసుడు నా క్లాసుల లేదురా" అని ఆయన గడియారం సెంటర్‌కి పోయి గ్లోబు కొనుక్కొచ్చాడు.

గ్లోబు నడుముకి దారం చుట్టి కొలిస్తే 96 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు, అంటే సెంటీమీటరుకు 417. డల్లాస్ మీద బొటనవేలు, దుబాయ్ మీద చూపుడువేలు పెట్టి దారం బిగిస్తే అది సముద్రం మధ్యలోంచి పోకుండా పైకి జారి గ్రీన్‌లాండ్ మీదికి పోయింది, గుండ్రటి దాని మీద దగ్గరి దారి అదేనట. దారం 31 సెంటీమీటర్లు, దాదాపు 13 వేల కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున పద్నాలుగున్నర గంటలు. నిజం చెప్పాలంటే ఇక్కడిదాకా లెక్క బంగారం. పోయేటప్పుడు ఎదురుగాలికి చిన్నమ్మకు 16 గంటలు ఎందుకు పట్టిందో కూడా చెప్పాడు.

దుబాయ్‌లో ఆగేది 3 గంటలు, అక్కడి నుంచి మన దగ్గరికి మూడున్నర. మొత్తం 21. శుక్రవారం మధ్యాహ్నం 12కి ఎక్కితే శనివారం పొద్దున 9కి దిగుడు. అంతే, తెల్లారకముందే నల్గొండలో అందరినీ కిరాయి ఇన్నోవాలో కుక్కాడు. చిట్యాలలో చాయ్ తాగనియ్యలేదు, పంతంగి టోల్ దగ్గర లైన్ చూసి డ్రైవర్ మీద అరిచాడు.

ఎయిర్‌పోర్ట్ బోర్డు మీద చూస్తే మా విమానం ఊసే లేదు. చిన్నమ్మ ఫోన్ స్విచ్చాఫ్. టెన్షన్‌తో అత్తమ్మ అక్కడే ముడుపు కూడా కట్టేసింది. చివరికి తమ్ముడికి ఫోన్ చేస్తే అక్కడ రాత్రి పదిన్నర.

"నాయినా, అమ్మ ఇంకా దుబాయే దిగలే! విమానం యూరప్ దాటుతోంది. మీకూ మాకూ పదిన్నర గంటలు తేడా, చలికాలమైతే పదకొండున్నర, అది కలిపినవా?"

చిన్నాయన ఫోన్ నా చేతికిచ్చి, పార్కింగ్‌లో కారు ఎక్కడ పెట్టామో చూసొస్తానని మధ్యాహ్నం దాకా కనబడలేదు.

రాత్రి ఏడున్నరకు విమానం దిగింది. సామాన్లు ఎక్కించాక డ్రైవర్ మెల్లగా, "సార్, పదిన్నర గంటల వెయిటింగ్ ఛార్జీ..." అన్నాడు.

చిన్నాయన ఫోన్‌లో డల్లాస్ టైం తీసి వాడి మొహం ముందు పెట్టాడు. "చూడు, పొద్దున తొమ్మిది. నేను చెప్పిన టైంకే దిగింది. ఇంక వెయిటింగ్ యాడిది?"

"అట్లనే సార్," అన్నాడు డ్రైవర్, "డల్లాస్ లెక్కనే అయితే డాలర్లల్ల ఇయ్యుండ్రి."