డిజైన్ ఖరారయ్యేదాకా ప్లైవుడ్ ముట్టొద్దు

సొంత చేతులతో పడవ కట్టుకోవాలన్న కోరిక ఈమధ్య మహారాష్ట్రలోని మా సిరోంచ వైపు బాగా ముదిరింది. ప్రాణహిత ఒడ్డున పుట్టి, ఆ నదిని ఎప్పుడూ వంతెన మీద మోటార్‌సైకిల్‌తోనే దాటే మనిషికి నీళ్ల మీద మనసు పోవడం సహజం. దాన్ని నేను తప్పుపట్టను. మనసు పోయిన మర్నాడే ప్లైవుడ్ దుకాణానికి పోయేవాళ్లను మాత్రం పెద్దలు పిలిచి మందలించాలి. కట్టడమంటే వడ్రంగి కూడా కడతాడు. డిజైన్ ఎంచుకోవడం చదువుకున్నవాళ్ల పని. ఈ పనిలో మా రిటైర్డ్ హెడ్మాస్టర్ సారు వరండాకు గడ్చిరోలి జిల్లాలోనే పోటీ లేదని నా అభిప్రాయం. శుక్రవారం సాయంత్రం నలుగురూ చేరతారు, చాయ్ వస్తుంది, చర్చ జరుగుతుంది, ఏదీ తేలదు. తేలితే మళ్లీ శుక్రవారం ఎవరు వస్తారు?

మొదటి చిక్కు కనూనా, కయాకా అన్నది. పైన మూత లేకుండా, ఒకవైపే ఆకు ఉన్న తెడ్డుతో నడిపేది కనూ. పైన మూత వేసి, నడుము పట్టేంత సందు వదిలి, రెండు కొసలా ఆకులున్న తెడ్డుతో నడిపేది కయాక్. ఆర్కిటిక్ వైపు ఇన్యూట్ వేటగాళ్లు చల్లటి సముద్రపు నీళ్లు ఒళ్లో పడకుండా ఆ మూత పెట్టుకున్నారు. మే నెల సిరోంచలో మనిషిని నడుము దాకా పెట్టెలో బిగించి నది మీద వదలాలా వద్దా అన్నది ఒక్క గుక్క చాయ్‌లో తేలిపోవాల్సిన ప్రశ్న. తేలలేదు. ఫొటోల్లో కయాకే బాగుంటుంది మరి.

పొడవు దగ్గర అసలు పాండిత్యం బయటపడింది. పడవ నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే దాదాపు గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు). ఆ లెక్కన 12 అడుగులకు గంటకు 8.6 కిలోమీటర్లు, 16 అడుగులకు 9.9. తెడ్డు పట్టిన మామూలు మనిషికి ఐదారు కిలోమీటర్ల వేగానికే భుజాలు పట్టేస్తాయి కాబట్టి ఈ రెండు అంకెలనూ అతను జన్మలో చూడడు. అయినా ఆ 1.3 కిలోమీటర్ల తేడాను వదులుకోవడానికి సారు ససేమిరా అన్నారు. డాబా మీద సుద్దముక్కతో 16 అడుగుల కయాక్‌ను పూర్తి సైజులో గీయించారు. గీత బాగా వచ్చింది. రెండో రోజు కోడలు ఆ గీతల మధ్యే మిరపకాయలు ఎండబోసింది. సిరోంచలో ఇంతవరకు కయాక్ ఎక్కింది ఆ మిరపకాయలే.

తర్వాత పడవ అడుగుభాగం ఆకారం. బల్లపరుపు అడుగైతే ఎక్కేటప్పుడు కదలకుండా నిలుస్తుంది గానీ, పెద్ద అల పక్క నుంచి వస్తే అలతో పాటే వాలుతుంది. గుండ్రటి అడుగు ఎక్కగానే ఊగి గుండె జారుస్తుంది గానీ, అలల్లో మెత్తగా సర్దుకుంటుంది. కాబట్టి వరండా ఏకగ్రీవంగా గుండ్రటి అడుగు వైపు మొగ్గింది. చలికాలం ప్రాణహితలో అల కావాలంటే బర్రెలు దిగాలి. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే చర్చ స్థాయి పడిపోతుంది.

ఇక సామాను. సన్నటి కర్ర బద్దీలు ఒకదాని పక్కన ఒకటి అతికించి కట్టే పడవ చూడముచ్చటగా ఉంటుంది. పైగా మాది టేకుకు పేరున్న గడ్డ, ఆలపల్లి, సిరోంచ టేకంటే ఎక్కడైనా లేచి నిలబడతారు. కానీ దుంగ కాగితాలు అటవీ శాఖకు చూపించేసరికి పడవ మోజు తీరిపోతుంది. పైగా బద్దీలను వంచి నిలబెట్టడానికి ప్రతి అడుగు దూరానికీ ఒక అచ్చు చొప్పున ముందు పడవంత పంజరం కట్టాలి. మిగిలింది కుట్టి అతికించే పద్ధతి. ప్లైవుడ్‌ను ముక్కలుగా కోసి, అంచుల్లో బెజ్జాలు వేసి, రాగి తీగతో కుట్టి, లోపలి మూలల్లో రంపపు పొట్టు కలిపిన ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు మెత్తి, పైన ఫైబర్‌గ్లాస్ పట్టీ వేయడమే. 1960ల్లో ఇంగ్లండులో మిర్రర్ అనే చిన్న తెరచాప పడవ ఇలాగే ఇంటింటా తయారైంది. ఇంత సులువైనదాని మీద వరండాకు అనుమానం రాకపోతే ఆశ్చర్యపోవాలి.

అనుమానం ప్లైవుడ్ మీద వచ్చింది. ఐఎస్ 710, అంటే నీళ్లకు ఆగే మెరైన్ ప్లైవుడ్ ముద్ర ఉన్న షీటైతే 72 గంటలు నీళ్లలో ఉడికినా పొరలు విడిపోకూడదు. దుకాణదారు నమూనాగా ఇచ్చిన అరచేతంత ముక్కను సారు ఇంట్లో పప్పు గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టారు. రెండు పూటలు గడిచాక మేడమ్ గిన్నె దించి, "ఇది ఉడకదు గానీ, మీరు హోటల్లో తినండి" అన్నారు. ముక్క మాత్రం చెక్కుచెదరలేదు. పరీక్ష పూర్తి కాలేదు కాబట్టి ఫలితాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మందం దగ్గర భాష కూడా అడ్డం వచ్చింది. ప్లాన్లలో మిల్లీమీటర్లు, మా వడ్రంగి నోట్లో ఇంచులూ సూత్‌లూ. ఇంచుకు ఎనిమిది సూత్‌లు. "ఆరు ఎమ్ఎమ్ అంటే రెండు సూత్‌లే కద సారూ" అని అతను అరక్షణంలో తేల్చేశాడు. వెలితి 0.35 మిల్లీమీటర్లని సారు కాలిక్యులేటర్ మీద చూపించి, విషయాన్ని వచ్చే శుక్రవారానికి వాయిదా వేశారు.

అంతా సజావుగా సాగుతుండగా ఒక బెస్త పెద్దాయన వరండా మెట్టు మీద కూర్చుని మూడే ప్రశ్నలు వేశాడు. "ఎవలు కూసుంటరు సారూ? ఏడికి పోతరు? ఎండకాలంల గూడ పోతరా?" కొంచెం నిశ్శబ్దం. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడిగినట్టయింది. ఇలాంటి ప్రశ్నలను నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. వీటికి జవాబు చెబితే ఒక సీజన్ చర్చ ఒక గంటలో ముగిసిపోతుంది. ఇద్దరు మనుషులు 130 కిలోలు, పడవ 25 కిలోలు అనుకుందాం. పన్నెండడుగుల బల్లపరుపు పడవ సెంటీమీటరు మునిగినప్పుడల్లా ఇంచుమించు 15 కిలోల బరువు మోస్తుంది. అంటే మొత్తం మునిగేది పది సెంటీమీటర్ల పైచిలుకు, జానెడులో సగం. ఎండాకాలం ఇసుక మేటల మధ్య మిగిలే పాయల్లో కూడా అది తేలుతుంది, తేలని చోట ఇద్దరూ దిగి మోసుకుపోతారు. మూడు షీట్లు, సూటి గీతలు, ఎవరింట్లోనైనా ఉండే రంపం. ఇంత దారుణమైన తేలిక మనిషిని ఎక్కడికి చేరుస్తుంది? నీళ్లలోకి చేరుస్తుంది. అక్కడ లైఫ్ జాకెట్ వేసుకోవాలి, ఈదడం రావాలి. వరండాలో ఆ టెన్షన్ లేదు.

చరిత్ర కూడా మా వైపే ఉంది. ఇదే గోదావరి, ఇదే ప్రాణహిత మీద స్టీమర్లు నడిపి విదర్భ పత్తిని సముద్రానికి చేర్చాలని తెల్లదొరలు కలగన్నారు. సిరోంచను ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రం చేశారు. దుమ్ముగూడెం దగ్గర మొదలుపెట్టి మూడు చోట్ల అడ్డుపడే రాళ్ల వరుసల మీద ఏళ్ల తరబడి పనిచేసి, డబ్బు పోసి, 1871లో చేతులెత్తేశారు. 1874లో జిల్లా కూడా పోయింది. వాళ్లు ముందే వరండాలో కూర్చుని ఉంటే ఆ డబ్బంతా మిగిలేది.

ఈలోగా బారావీ, అంటే పన్నెండో తరగతి చదివే ఒక పిల్లాడు హద్దు మీరాడు. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను కోసి, ఇంచుకు అడుగు లెక్కన, పడవ అడుగుభాగానికి ఒక ముక్క, పక్కలకు రెండు ముక్కలు, వాళ్లమ్మ సూదీదారంతో కుట్టి తెచ్చాడు. పక్క ముక్క అంచు ఎక్కడ వంపు తిరగాలో ఆ అట్ట మీదే తెలిసిపోతోంది. తప్పు కోసిన చోట ఇంకో అట్ట ముక్క అతికించాడు, ఖర్చు సున్నా. పైగా, చలికాలంలోనే కట్టేయాలట, ఎండలు ముదిరితే ఎపాక్సీ కలిపిన గిన్నెలోనే గట్టిపడుతుందట. వినడానికి బాగానే ఉంది. కానీ చలికాలం ఎంపికకు కేటాయించిన కాలం, దాన్ని కట్టడానికి వాడుకోవడం ఏం మర్యాద?

ఆ నమూనాను సారు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశారు. చివరికి రంగు నిర్ణయించలేదని తిరిగి ఇచ్చేశారు. వచ్చే శుక్రవారం రంగు మీదే చర్చ. ఆసక్తి ఉన్నవాళ్లు రావచ్చు, చాయ్ ఉంటుంది. ప్లైవుడ్ కొన్నవాళ్లను మాత్రం మెట్టు ఎక్కనివ్వం.