స్టీల్ ట్యాంక్ గీజరే కొనాలా? ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

చలి మొదలైతే చాలు, ఆ మెసేజ్ ఫ్యామిలీ గ్రూపులన్నీ ఒక చుట్టు చుట్టి వస్తుంది. “గ్లాస్ లైన్డ్ గీజర్ కొనకండి, లోపల గాజు పగిలిపోతుంది. పడవల్లో వాడే స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకే కొనండి, సముద్రపు ఉప్పుకే చెక్కుచెదరనిది మీ బోరు నీళ్లకు ఏమవుతుంది? మెగ్నీషియం రాడ్ సర్వీసు వాళ్ల మాయ, తీసేయించండి. అయస్కాంతం అంటుకుంటే అది డూప్లికేట్ స్టీల్.” ఇదీ అందులో ఉన్నది. ఒక్కోటీ చూద్దాం.

ముందు పడవ సంగతి. పడవలో వేడినీళ్ల ట్యాంకులోకి సముద్రపు నీళ్లు పోవండీ, రేవులో నింపుకున్న మంచినీళ్లే పోతాయి. చాలా పడవల్లో ఇంజన్‌ను చల్లబరిచి వేడెక్కిన ద్రవాన్ని (కూలెంట్) ట్యాంకు లోపలున్న గొట్టపు చుట్టలోంచి తిప్పి ఆ నీళ్లు కాచుకుంటారు, రేవులో కరెంటు దొరికితే హీటర్ వేసుకుంటారు. పోనీ అన్నీ స్టీలేనా అంటే అదీ లేదు. గ్లాస్ లైనింగ్ ఉన్న పడవ హీటర్లూ అమ్ముతున్నారు, ఇంగ్లండ్ కాలువల్లో తిరిగే సన్నటి పడవల్లో రాగి ట్యాంకులు ఎప్పటి నుంచో ఉన్నాయి.

ఇక స్టీలుకు ఏమీ కాదన్న మాట. స్టెయిన్‌లెస్ అంటే ఒకటే రకం అనుకుంటారు. మెరైన్ గ్రేడ్ అనేది 316, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. మామూలు 304లో అది ఉండదు. మీ గీజర్ డబ్బా మీద ఏ గ్రేడో రాసి ఉందా? చూడండి ఒకసారి. స్టీలును కాపాడేది పైన ఉండే కంటికి కనపడని క్రోమియం ఆక్సైడ్ పొర. నీళ్లలోని క్లోరైడ్, అంటే ఉప్పులో ఉండేదే, ఆ పొరను అక్కడక్కడ తినేస్తుంది. చల్లటి నీళ్లలో 304కి లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాముల క్లోరైడ్ దాకా పర్వాలేదంటారు, వేడెక్కేకొద్దీ ఆ హద్దు తగ్గిపోతుంది, 60 డిగ్రీలు దాటితే వెల్డింగుల దగ్గర పగుళ్ల భయం కూడా తోడవుతుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరైడ్ 250 దాకా ఓకే, వేరే దిక్కు లేకపోతే 1000 దాకా ఒప్పుకుంటారు. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లే ట్యాంకును తినేయొచ్చు! మచిలీపట్నం, భీమవరం వైపు ఉప్పగా ఉండే బోర్ల సంగతి ఇక చెప్పాలా? అలాంటి ట్యాంకు కోసి చూస్తే లోపలంతా కొత్త గిన్నెలా మెరుస్తూనే ఉంటుంది, వెల్డింగ్ పక్కన మాత్రం సూదిమొన అంత బొక్క, చుట్టూ గోధుమరంగు మరక. కారేది అక్కడే.

గాజు పగలడం. అది కిటికీ అద్దం కాదు బాబూ, గాజుపొడిని 800 డిగ్రీల పైన కాల్చి ఇనుముకు అతికించిన ఎనామిల్. ట్యాంకు కింద పడేసినా, ప్రెషర్ వాల్వ్ పనిచేయకపోయినా బీటలు వారొచ్చు, అంతవరకు నిజమే. పైగా ఎంత బాగా పూసినా ఎక్కడో చిన్న చిన్న రంధ్రాలు మిగులుతాయి, వాటి కోసమే ట్యాంకు లోపల ఆ మెగ్నీషియం రాడ్ పెట్టారు.

రాడ్ తీసేయించమనడమే ఈ మెసేజ్‌లో అన్నిటికంటే డేంజర్ సలహా. ఇనుము బదులు తాను కరిగిపోవడమే మెగ్నీషియం పని. కొత్తది బొటనవేలంత లావుంటుంది, ఉప్పు బోరు నీళ్లలో కొన్నాళ్లు ఉన్నాక విప్పితే మధ్యలో తీగ, దానికి అంటుకుని రాలిపోయే తెల్లటి పొక్కులు. అలా అరిగిందంటే ట్యాంకు బదులు అది అరిగిందని లెక్క. తీసేస్తే అరిగేది ట్యాంకే. ఇంట్లో సాఫ్ట్‌నర్ (నీటి కఠినత్వం తగ్గించే యంత్రం) పెట్టుకున్నవాళ్లు ఇంకా ముందే చూపించుకోవాలి, ఆ నీళ్లలో రాడ్ త్వరగా పోతుంది. వేడినీళ్లు కుళ్లిన గుడ్డు వాసన వస్తున్నాయా? అప్పుడు కూడా రాడ్ పీకేయకండి, అల్యూమినియం-జింక్ రాడ్‌కు మార్చి చూడండి.

అయస్కాంతం పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. బయట మీరు ముట్టుకునేది గీజర్ పైతొడుగు, ట్యాంకు కాదు. లోపలి ట్యాంకుకే అంటుకున్నా నకిలీ అనలేం, 444 అనే స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం శుభ్రంగా అంటుకుంటుంది, వేడినీళ్ల ట్యాంకులకు అది చాలా మంచి గ్రేడ్ కూడా.

కాబట్టి షాపుకు వెళ్లే ముందు నీళ్లను ల్యాబ్‌లో ఇచ్చి క్లోరైడ్ ఎంతో రాయించుకోండి, టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగినవన్నీ కలిపే చూపిస్తుంది, ఆ ముక్క విడిగా చెప్పదు. మున్సిపల్ నీళ్లై, అంకె తక్కువగా ఉంటే స్టీలైనా గ్లాస్ లైన్డ్ అయినా నిశ్చింతగా కొనండి. ఉప్పు బోరు అయితే నా ఓటు గ్లాస్ లైన్డ్‌కే, ఏడాదికోసారి రాడ్ విప్పి చూపించుకుంటానంటేనే సుమా. డబ్బా మీద స్టార్లు చూసి మురిసిపోకండి, అవి కరెంటు పొదుపు లెక్కలు, ట్యాంకు ఎన్నాళ్లుంటుందో చెప్పవు.